రోడ్డు దాటని దారి

మోకాళ్లు అరిగిపోతున్నాయి, రోజూ కాస్త నడవండి అని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ నేను పొద్దున్నే లేచి మా డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ పార్కులో పలకరాళ్లు పరిచిన గుండ్రటి బాట మీద గానుగెద్దులా తిరుగుతున్నాను. నా ఈడువాళ్లు ఇంకొందరు తోడున్నారు; ఒకరి వెనక ఒకరం నడుస్తూ సుగరు గురించీ, చెప్పాపెట్టకుండా మానేసే పనిమనుషుల గురించీ, ఊళ్లో పెళ్లిళ్ల గురించీ మాట్లాడుకుంటాం, ఎంత నడిచినా బయల్దేరిన సిమెంటు బల్ల దగ్గరికే వచ్చి చేరతాం. మొన్న ఆదివారం మా అబ్బాయి నా అవస్థ చూసి నవ్వి, ఆ పార్కులో చక్కర్లు కొట్టే బదులు మోవాలో అత్త వాళ్లింటికి నడిచి వెళ్లి రావచ్చు కదా, పెద్ద దూరం కూడా కాదు అంటూ నా ఫోనులో పటం తెరిచి చూపించాడు. మా క్వార్టరు నుంచి మా ఆడపడుచు ఇంటి దాకా నీలం చుక్కలు బారుగా వచ్చి నిలబడ్డాయి. వాడి తప్పేం లేదు. అత్త మనింటికి రాదని తెలుసు గానీ ఎందుకు రాదో వాణ్ణి కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. వాడికి తాతయ్యంటే వరండాలో కుర్చీకి అతుక్కుపోయిన ముసలాయనే. ఆ ముసలాయన ఒకప్పుడు ఈ రాయ్‌పూరును కాలినడకన చుట్టబెట్టారనీ, అదీ ఒక్కటంటే ఒక్క రోడ్డు దాటకుండా తిరిగారనీ, కొత్త కోడలిగా ఆయన వెంట నేనూ తిరిగాననీ చెబితే నమ్ముతాడో లేదో. ఆ చుక్కలు చూసిన దగ్గర్నుంచీ నాకు ఏ పని మీదా మనసు నిలవడం లేదు.

మాది బొబ్బిలి దగ్గర ఒక పల్లె. ఇక్కడ కొత్త రాష్ట్రం ఏర్పడి, రాయ్‌పూరు రాజధాని అయిన కొత్తల్లో నాకు పెళ్లయింది. కొత్త పెళ్లికూతురు అత్తింటి గడపలో కాలు పెట్టబోతుంటే ఆడపడుచులు తలుపుకి అడ్డం నిలబడి, మొగుడి పేరు చెబితేగానీ రానివ్వం అని ఏడిపించడం మన ఇళ్లలో ఉన్నదే కదా. రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైలు వస్తున్నంతసేపూ ఆ పేరు ఎలా చెప్పాలో, ఎంతవరకు సిగ్గుపడాలో అనుకుంటూ వచ్చాను. తీరా క్వార్టరు ముందు దిగితే గుమ్మంలో ఎవరూ లేరు. పక్కింటి పిన్నిగారు హారతిచ్చి లోపలికి రమ్మంది. ఉన్న ఒక్క ఆడపడుచూ, అదీ ఇదే ఊళ్లో కాపురం ఉన్న మనిషి, పెళ్లికీ రాలేదు, గృహప్రవేశానికీ రాలేదు. అడ్డుకునే దిక్కు లేకుండా తిన్నగా లోపలికి నడిచి వచ్చేసిన కోడల్ని నేను. ఆ వెలితి ఆ రోజే నా గుండెలో ఎక్కడో గుచ్చుకుంది.

సంగతి నెమ్మది మీద తెలిసింది. మా ఆయన వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసేవారు, ఈ క్వార్టరు ఆయన పేరనే వచ్చింది. మామగారు మాత్రం లైను మీద కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. కీమ్యాన్ అంటే రోజూ తన వంతు పట్టా వెంబడి నడుచుకుంటూ పోయి, వదులైన బిగింపులు కనిపిస్తే సుత్తితో కొట్టి సరిచేసుకుంటూ వచ్చే మనిషి. అత్తగారు మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని లైను మీదికే వెళ్లేవారట. పట్టాలు ఎలా దాటాలో ఆయనే ఆమెకు నేర్పారు. బండి వస్తుంటే ఆగాలి, అది పోగానే నిశ్చింతగా దాటాలి, ఎందుకంటే ఒక బండి తోక పట్టుకుని అదే పట్టా మీద ఇంకో బండిని రైల్వేవాళ్లు వదలరు. ఓ బండి పోనాదంటే ఆ లైను మనదే అన్నది ఆయన మాట, ఇంట్లో పిల్లలకు కూడా కంఠతా వచ్చిన మాట.

రాజధాని అయ్యాక బిలాస్‌పూర్ రోడ్డు మీద లారీలు ముమ్మరమయ్యాయి, ధర్సీవా వైపు ఫ్యాక్టరీలకు బొగ్గూ ఇనుమూ మోసే లారీలు. నా పెళ్లికి ముందటేడు ఒక సాయంత్రం మామగారూ అత్తగారూ మోవాలో ఉన్న కూతుర్ని చూడ్డానికి బయల్దేరారు. కూతురు వాళ్లకి ఎదురొచ్చి రోడ్డు అవతలి పక్క నిలబడి ఉంది. ఒక లారీ వెళ్లింది. ఆయన అలవాటు కొద్దీ, పోనాది రా, అన్నారు. అత్తగారు ఆయన మాట మీద అడుగేశారు. ఆ లారీ వెనకాలే ఇంకొకటి ఉంది. పట్టాల మీద జీవితమంతా నిలబడిన మాట రోడ్డు మీద ఒక్క అడుగు దూరం నిలబడలేదు. రైలుమనుషులు తప్ప ఇంకెవరూ అలాంటి పొరపాటు చెయ్యరు, రోడ్డు సంగతి తెలిసిన చంటిపిల్లాడైనా వెనకాల ఇంకో బండి ఉందేమో చూస్తాడు.

పన్నెండో రోజున, ఇంటినిండా బంధువులుండగా, కూతురు తండ్రి మొహాన అనేసిందట. "అమ్మని నువ్వే రమ్మన్నావు. ఆ రోడ్డు దాటి నువ్వు నా గుమ్మంలోకి రా, అప్పుడు నాను ఈ గుమ్మం తొక్కుతాను." ఆ రోజు ఆమెను వాళ్లాయన ఎలా తీసుకొచ్చాడో, ఎలా వెనక్కి తీసుకెళ్లాడో ఎవరూ పట్టించుకోలేదు. దుఃఖంలో అన్న మాట కాబట్టి నాలుగు నెలలు పోతే సర్దుకుంటుందనుకున్నారు, సర్దుకోలేదు. ఈయన దాటలేరు. దాటకూడదని మొక్కుకోలేదు, పంతం పట్టలేదు, ఉత్తినే కాళ్లు కదలవు. మా ఆయన ఒకసారి స్కూటరెక్కించి తీసుకెళ్తే రోడ్డు అంచున జారి దిగిపోయారట. ఆటోలో కూర్చోబెడితే మలుపు తిరుగుతుండగా కేక పెట్టి దూకబోయారట. రైలెక్కడానికి మాత్రం ఆయనకి ఏ భయమూ లేదు. గేటు దగ్గర రోడ్డే మన కోసం ఆగుతుంది గానీ మనం రోడ్డు కోసం ఆగం కదమ్మా అనేవారు నాతో, అదేదో ఆయన సొంత ఘనత అయినట్టు.

నేను ఆయనతో తిరగడం ఎలా మొదలైందో చెప్పాలి. పొద్దున్నే వర్క్‌షాపు సైరన్ మోగేసరికి మా ఆయన వెళ్లిపోయేవారు. నాకు హిందీ ముక్క రాదు. మామగారు చద్దన్నం తిని, పాత గొడుగు ఒకటి చంకలో పెట్టుకుని వెళ్లి, ఎండ నడినెత్తికి వచ్చాక చెప్పులనిండా దుమ్ముతో వచ్చేవారు. ఎక్కడికి వెళ్తారో చెప్పేవారు కాదు. నాలుగు గోడల మధ్య పిచ్చెక్కిపోతోందని ఒకరోజు నేనూ వస్తానన్నాను. ఆయన నా కాళ్ల వైపు చూసి, ఆ పట్టీలు తీసేసి రా, పొదల్లో చిక్కుకుంటాయి అన్నారు. మామా కోడళ్లు కలిసి ఊరు తిరుగుతున్నారని కాలనీలో ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. వేసుకుంటే వేసుకోనీ అనుకున్నాను, నా ముక్కు మీద కాదుగా.

ఆయన పద్ధతి ఒక్కటే, రోడ్డు దాటకుండా ఎంతవరకు పోగలిగితే అంతవరకు పోవడం. పట్టాల పక్క కంకర బాట, కాలవగట్లు, చెరువుగట్లు, ప్రహరీల వెనక సందులు, స్టేషను మీదుగా అటు నుంచి ఇటు పోయే కాలి వంతెన, ఇవే మా దారులు. రోడ్డంటే ఏమిటన్న దాని మీద మా ఇద్దరికీ పెద్ద వాదన జరిగేది. బండి తన ఇష్టం వచ్చిన వైపు తిరగగలిగితే అది రోడ్డు, కాబట్టి రైలుపట్టా రోడ్డు కాదు. పిల్లలు వికెట్లు పాతి ఆడుకుంటుంటే అది గల్లీ, రోడ్డు కాదు. కానీ కూరగాయల బజారుకు పోయే గల్లీకి ఎవరో అడ్డంగా స్పీడుబ్రేకరు కట్టారు, బళ్లు నెమ్మదిగా పోవాలని. మర్నాటి నుంచి ఆయన దాన్ని రోడ్ల జాబితాలో చేర్చేశారు. దూకుడుగా బళ్లు రాకపోతే స్పీడుబ్రేకరెందుకు కడతారమ్మా అన్నారు. ఆ దెబ్బతో మాకు బజారు పోయింది, బజారు వెనక ఉన్న శివాలయం పోయింది, ఆ గుడి పక్క బావి దగ్గర నాకు కొత్తగా దొరికిన స్నేహితురాలూ పోయింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

అలా తిరిగితే ఊరు ముందు నుంచి కనిపించదు, వెనక నుంచి కనిపిస్తుంది. హోటళ్ల వెనక కూర్చుని ఆలుగడ్డల తొక్క తీసే వాళ్లు, గుళ్ల వెనక కుళ్లిపోతున్న బంతిపూల దండలు, బడి గోడ మీంచి విసిరేసిన పరీక్ష కాగితాలు, పెద్ద పెద్ద మేడల వెనక ఒంటి మీద సరిగ్గా బట్ట లేకుండా బొగ్గుల కుంపటి ముందు కూర్చున్న వాళ్ల ముసలి తల్లులు, ఇదీ నేను చూసిన రాయ్‌పూరు. ముందు వాకిట్లో నిలబడితే ఎవరు నువ్వు అని అడిగే మనుషులు పెరట్లో నిలబడితే మంచినీళ్లు ఇచ్చేవారు. "కహాఁ జాథస్ బహినీ?" అని మొదటిసారి ఒక ఆమె అంట్లు తోముతూ అడిగినప్పుడు, ఎక్కడికి పోతున్నావు చెల్లీ అని దాని అర్థమని మామగారు చెబితే, జవాబు తెలియక నవ్వేశాను; నాకు ఛత్తీస్‌గఢీ భాష వచ్చింది ఆ పెరళ్లలోనే. తర్వాతెప్పుడో మా ఆయన స్కూటరు మీద ఊరు చూపిస్తానని తీసుకెళ్తే, ఎదురుగా ఉన్నది నేను రోజూ వెనక నుంచి చూసే మిఠాయి దుకాణమేనని పోల్చుకోలేకపోయాను. ముందు వైపు అంత నున్నగా, అంత అబద్ధంగా ఉంది.

కొన్నాళ్లకు గమనించాను, ఆయన ఊరికే తిరగడం లేదు. కనిపించిన ప్రతి నాలానీ, ప్రతి మురుగు కాలవనీ, ఇదెటు పోతుంది భయ్యా అని అడిగేవారు. వాళ్లు చేయి చాపిన దిక్కున ఉదయమంతా నడిచేవాళ్లం, ఏదో ఒక చోట రోడ్డు వచ్చి అడ్డం పడుకునేది, ఆయన కాసేపు నిలబడి లారీల వంక చూసి, పద, అని వెనక్కి తిరిగేవారు. ఆయన వెతుకుతున్నది కూతురి ఇంటికి దారి. నాకు అది ఒకరోజు అర్థమైంది. అప్పటి నుంచి ఆ వెతుకులాట నాది కూడా అయింది. నా గుమ్మంలో అడ్డం నిలబడాల్సిన మనిషిని నేను తెచ్చుకోవద్దూ.

మా పెద్దాడు పుట్టి నడక నేర్చాక, ఒక ఎండాకాలం ఆ దారి దొరికింది. కాలనీ వెనక నుంచి పోయే నాలా బిలాస్‌పూర్ రోడ్డు కిందుగా పాతకాలపు రాతి తూములోంచి అవతలికి పోతుంది. వానాకాలమంతా దాన్నిండా నీళ్లుండేవి, పొదలు కమ్మేసేవి, అందుకే మాకు ఇన్నాళ్లూ కనపడలేదు. ఉగాది వెళ్లాక నీరు ఒక పక్కకి తగ్గి, రెండో పక్క బురద గట్టిపడి, నడుం వంచి నడిస్తే మనిషి పట్టేంత దారి ఏర్పడింది. కంపు సంగతి చెప్పనక్కర్లేదు, ముక్కుకి కొంగు కట్టుకున్నాను. నెత్తి మీద లారీలు పోతుంటే రాళ్ల సందుల్లోంచి మట్టి రాలి తలమీద పడుతోంది. సరిగ్గా మధ్యకి వచ్చాక మామగారు ఆగి, పైకప్పు రాతి మీద అరచెయ్యి ఆనించారు. "ఇక్కడే" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఏడవలేదు.

అవతల తేలితే మోవా ఇళ్ల పెరళ్లు. మా ఆడపడుచు పెరడును నేనే పోల్చాను, మా ఆయన పోలికలున్న చిన్నపిల్లాడు అక్కడ ఆడుకుంటున్నాడు. ఆమె రుబ్బురోలు దగ్గర నుంచి లేచి, మోకాళ్ల దాకా బురదతో గోడ అవతల నిలబడ్డ తండ్రిని చూసింది. నేను ఆమెను అంత దగ్గరగా చూడ్డం అదే మొదలు. ఏమంటుందో అని చూశాను. రోడ్డు దాటి రాలేదు కదా అనలేదు, రా అనలేదు. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి గోడ మీద పెట్టి, మళ్లీ వెళ్లి రుబ్బురోలు ముందు కూర్చుంది. ఆయన కాళ్లు కడుక్కుని, చెంబు బోర్లించి పెట్టి, వచ్చిన దారినే బయల్దేరారు. దారిలో ఒక్క మాటే అన్నారు, నీళ్లిచ్చింది, చూసేవా అని.

ఆ తర్వాత నీరు తగ్గిన ప్రతి ఎండాకాలం తొలకరి పడేదాకా మా రాకపోకలు అలా సాగాయి. నీళ్ల చెంబు పక్కన మజ్జిగ గ్లాసు వచ్చింది. లైను పక్క చెట్టు నుంచి దూసిన చింతచిగురు ఆయన తువ్వాల్లో మూటకట్టి గోడ మీద పెడితే, ఇంకోసారి వెళ్లినప్పుడు చింతచిగురు పప్పుతో అన్నం పళ్లెం వచ్చింది, అత్తగారు వండినట్టే పచ్చిమిరపకాయలు చీల్చి వేసి. మామగారు రెండు ముద్దలు తిని నీళ్లు తాగేశారు. పిల్లలు గోడ ఎక్కి తాతా అని పిలవడం మొదలుపెట్టారు. నేను రెండోసారి నీళ్లోసుకున్నానని తెలిసిన ఏడు మా ఆడపడుచు మొదటిసారి నోరు విప్పింది, తండ్రి వంక కాదు, నా వంక చూసి. "మేనత్తని నానుండగా నీ బిడ్డని ఉయ్యాల్లో ఇంకెవులూ ఎయ్యకూడదు వొదినా. మళ్లీ ఎండలొచ్చీసరికి నాను ఈ దారమ్మటే వొచ్చి ఏస్తాను." ఆ రోడ్డు కింద నుంచి వస్తానంది. నాకు అప్పుడైనా అనుమానం రాలేదు, దర్జాగా రోడ్డు దాటి రాగలిగిన మనిషి ఈ బురదలో ఎందుకు వస్తానంటోందని. సంతోషంలో ఇంకేం తోస్తుంది.

చలికాలంలో నాకు ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాల వేడుక ఎండాకాలానికి పెట్టుకున్నాం. ఇన్ని నెలలు బారసాల చెయ్యకుండా ఉంచుతారా అని అందరూ గుచ్చి గుచ్చి అడిగారు, మేనత్త రావాలి అని చెప్పి ఊరుకున్నాం. పేరు కూడా పెట్టలేదు, బుజ్జీ అనే పిలిచాం. మామగారు ముందు గది కప్పుకి ఉన్న కొక్కేనికి ఎప్పుడో తాడు కట్టేసి, రోజూ దాన్ని పట్టుకుని వేలాడి గట్టితనం చూసేవారు. ఆయన్ని అంత హుషారుగా నేను ఎన్నడూ చూడలేదు. నీరు ఎంత తగ్గిందో చూసి రావడమే ఆయనకి పనైపోయింది.

ఒకరోజు అలా చూడ్డానికి వెళ్లి, వెంటనే తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నారు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. రాతి తూము తవ్వేసి దాని స్థానంలో సిమెంటు గొట్టాలు పెట్టారు, పిల్లి దూరడానికి కూడా కష్టమైన గొట్టాలు. ఇంకో దారి ఉంటుందిలెండి అని అన్నాను గానీ అంతకుముందు మేం చూడని అంగుళం లేదని ఇద్దరికీ తెలుసు. మీదుగా కాలి వంతెన కడతారట అని ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని ఆయన ఏళ్ల తరబడి అడిగినవాళ్లనే మళ్లీ మళ్లీ అడిగారు, అది రాలేదు.

పసిదాన్ని తీసుకుని నేనే అవతలికి వెళ్లి వస్తానంటే, ఆ రోడ్డు మీదకి దాన్ని తేవొద్దమ్మా అని నా ముందు చేతులు జోడించారు. అందుకని బిడ్డని పక్కింట్లో పడుకోబెట్టి నేనొక్కదాన్నే దాటి వెళ్లాను. మామగారు ఇవతలి అంచున గొడుగేసుకుని నిలబడ్డారు. ఆడపడుచుకి సంగతి చెప్పి, తూము పోయింది, ఆయన రాలేరు, ఇక నువ్వే పంతం వదలాలి, నా చెయ్యి పట్టుకో, ఇద్దరం దాటుదాం, పిల్లని ఉయ్యాల్లో వేసి రెండు గంటల్లో వచ్చేద్దువుగాని అన్నాను. ఆమె మారుమాట్లాడకుండా చీర మార్చుకుని, పిల్లకి కొన్న వెండి మొలతాడు కొంగున ముడేసుకుని నా వెంట బయల్దేరింది. రోడ్డు అంచుకి వచ్చాం. ఒక లారీ వెళ్లింది. పద అన్నాను. నేను లాగాను. ఆమె అక్కడే ఆ దుమ్ములో గొంతుక్కూర్చుని రెండు చేతులతో తల పట్టుకుంది.

"నా వల్ల కాదు వొదినా. అమ్మ పన్నెండోనాడు తలమీద దుప్పటి కప్పి తెచ్చినారు నన్ను. అప్పట్నుంచీ నాను ఈ రోడ్డు దాటనేదు. అందుకే నాన్నని రమ్మన్నాను."

అప్పుడు తెలిసింది నాకు. అంగడీ, పిల్లల బడీ, ఆసుపత్రీ అన్నీ ఆమెకు ఆ పక్కనే ఉన్నాయి, ఇటు రావాల్సిన అవసరం ఒక్క పుట్టింటికే పడుతుంది, అక్కడికి రానని పౌరుషంగా చెప్పేసింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తండ్రి మీద కోపం ఉందా అంటే ఉంది, కానీ ఆ కోపం కింద దాచుకున్నది ఇదీ. తండ్రి మగాడు, ధైర్యస్తుడు, ఎప్పటికైనా తనకోసం దాటి వస్తాడు, ఆ వచ్చినవాడే తనని చెయ్యి పట్టుకుని తీసుకుపోతాడని ఆశ పెట్టుకుంది. అవతల నుంచి లారీల సందుల్లో మామగారు అంతా చూస్తూనే ఉన్నారు, కూతురు కూలబడటం చూశారు. నేను ఆమెను ఇంటి దగ్గర దింపి తిరిగొచ్చేసరికి గొడుగు ముడిచి వెళ్లిపోతున్నారు. వెనకాలే పరిగెత్తి అందుకున్నాను. నేనేదో చెప్పబోతే, "నా కూతురే మరి" అన్నారు. కొంచెం గర్వంగా కూడా అన్నారేమో అనిపిస్తుంది తలుచుకుంటే. ఇంటికొచ్చి కొక్కేనికి కట్టిన తాడు విప్పి చుట్టి అటక మీద పెట్టారు.

మళ్లీ ఆయన ఆ రోడ్డు దగ్గరికి వెళ్లలేదు. వెళ్లడానికి మిగతా ఊరైనా ఎక్కడ మిగిలింది. పట్టాల పక్క గోడలు లేచాయి, చెరువుగట్లకి గేట్లూ టిక్కెట్లూ వచ్చాయి, నాలాల మీద పలకలు పరిచి బళ్లు నిలుపుకుంటున్నారు, గల్లీ గల్లీకీ స్పీడుబ్రేకర్లు కట్టారు. ఒక్కొక్క దారీ మూసుకుపోయినప్పుడల్లా ఆయన లెక్కలో ఆ వీధి అవతలి ప్రపంచం మొత్తం పోయేది. చివరికి కాలనీ మిగిలింది, తర్వాత మా క్వార్టర్ల వరస, ఆ తర్వాత వరండా. మా బుజ్జికి బడిలో చేర్చేటప్పుడు కాగితాల కోసం పేరు పెట్టాం, ఉయ్యాల మాత్రం ఎవరూ వెయ్యలేదు. ఇప్పుడు అది కాలేజీకి పోతోంది. మేనత్త దాని గురించి ఫోనులో అడగని రోజు లేదు.

మామగారు పోయింది ఒక వానాకాలం ఉదయం, వరండాలో ఆ కుర్చీలోనే. శ్మశానం రోడ్డు అవతల ఉంది. ఆడవాళ్లు వెళ్లకూడదన్నా వినకుండా నేను వ్యాను ఎక్కాను, మోవా దాకానే వస్తానన్నాను. బతికుండగా అన్నాళ్లు వెతికిన దారి, వ్యాను దాటడానికి ఎంతసేపు పట్టింది, నేను కళ్లు మూసి తెరిచేసరికి అవతల ఉన్నాం. శవాన్ని ఒకరి గుమ్మం ముందు ఆపకూడదని పెద్దలు గొణిగారు, మా ఆయన ఎవరి మాటా వినలేదు, వ్యాను చెల్లెలి ఇంటి ముందే ఆపించారు. పెరటి వైపు కాదు, వీధి గుమ్మం ముందు. ఆమె అప్పటికే వాకిట్లో చెంబుతో నిలబడి ఉంది, ఊరి నుంచి వచ్చిన తండ్రికి కాళ్లకి నీళ్లివ్వడానికి నిలబడ్డట్టే. వ్యాను వెనక తలుపు తీయగానే ఆ పాదాల మీద నీళ్లు పోసి, కొంగుతో తుడిచి, వాటిని పట్టుకుని అడిగింది. "రోడ్డు దాటొచ్చీసినావు గదా నాన్నా, మరి నానెలా రావాల?"

పన్నెండో రోజుకి ఆమె రాలేకపోయింది. ఈసారి దుప్పటి కప్పినా పని కాలేదు, అంచుకి వచ్చేసరికి ఊపిరాడక దిగిపోయింది. ఇప్పుడు ఆమెకూ జుట్టు నెరుస్తోంది. మా రెండిళ్ల మధ్య రోడ్డు ఇంకా వెడల్పయింది, మధ్యలో ఇనుప కంచె కూడా వచ్చింది. నేనూ ఈమధ్య అంచున నిలబడితే ముందు కాలు వెంటనే పడటం లేదు. మోకాళ్ల నొప్పి అని ఇంట్లో చెబుతున్నాను. ఊరు పెద్దదైందని అందరూ అంటారు, నిజమే అయి ఉంటుంది. మాకు తెలిసిన ఊరికి వెనక వైపంటూ ఒకటి ఉండేది, ముందు నుంచి పోలేనివాళ్లు అటు నుంచి పోయేవాళ్లు, ఎవరో ఒకరు నీళ్లిచ్చేవారు. ఇప్పటి ఊరికి అన్నీ ముందు వైపులే. కాళ్లున్నవాళ్లకి కాదు, చక్రాలున్నవాళ్లకి కట్టిన ఊరైపోయింది, మాలాంటి వాళ్లం ఎవరి ఒడ్డున వాళ్లం ఉండిపోయాం.

మొన్న రాత్రి వీడియోలో మాట్లాడుతూ, నవ్వుకుంటుందని, మా అబ్బాయి చూపించిన పటాన్ని ఆమెకు పంపించాను. మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య చుక్కల దారి చూడు, రోడ్డు మీదుగా ఎంత సులువుగా దాటేశాయో చూడు అన్నాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. నవ్వలేదు.

"ఈ సుక్కలు ఎవులెట్టినారో గానీ వొదినా, ఆళ్ల అమ్మ ఇంకా బతికే ఉంటాది" అంది.